పాల్మియే వారి ఆడపడుచు

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే మనోహర్ బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అతని అత్తగారు జయమ్మ సింకు దగ్గర హమూర్ చేపకి పొలుసు గీకుతోంది. రియాద్ మలాజ్ పేటలోని ఆ ఫ్లాటులోకి చేప వచ్చిన రోజున ఆవిడ ఇంకెవరినీ కత్తి ముట్టుకోనివ్వదు.

"అత్తయ్యగారూ, రేపు భోజనానికి ఒకాయన వస్తున్నాడండి. మీ పుట్టింటివాడు," అన్నాడు.

"నాకు పుట్టింట్లో ఎవరున్నారు బాబూ?"

"నేనూ అలాగే అనుకున్నాను. మెట్రో పనికి ప్యారిస్ నుంచి కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు జెరోమ్ పాల్మియే. మనిషిని చూస్తే మన కాకినాడ కుర్రాడిలా ఉన్నాడు. మెల్లిగా కదిపితే వాళ్ళ నాన్నది యానామేనని చెప్పాడు. నాన్న పేరు అమర్నాథ్ అట."

జయమ్మ చేతిలో కత్తి ఆగింది. కుళాయి పారుతూనే ఉంది.

"మీ అన్నయ్యగారి అబ్బాయండీ," అన్నాడు మనోహర్, ఆవిడకి అర్థం కాలేదనుకుని. "మీ సొంత మేనల్లుడు. నా పక్క గదిలో కూర్చుంటున్నాడు."

"మంచిదే," అంది జయమ్మ. కుళాయి కట్టి, చేప మీద ఉప్పు చల్లి, చేతులు కడుక్కోకుండానే తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. కూతురు ఇంద్రజ పాలీక్లినిక్‌లో ల్యాబ్ డ్యూటీ ముగించుకుని వచ్చి, పక్క మీద పొలుసులేమిటమ్మా అని అడిగేదాకా ఆవిడ అలాగే ఉంది.

జయమ్మకి అన్నయ్య ఉన్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన చిన్నతనంలోనే ఫ్రాన్సు వెళ్ళి మిలిటరీలో చేరాడనీ, తరవాత రాకపోకలు తెగిపోయాయనీ ఇంద్రజ చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది. పాల్మియే అన్న పేరు కథ కూడా తెలుసు. అది ఆ ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకునే కథ.

జయమ్మ ముత్తాత తాడి వారి కుర్రవాడు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో అక్కడి కోర్టులో గుమస్తా. అప్పట్లో దొరతనం ఒక చట్టం తెచ్చింది. కులాచారాన్నీ ధర్మశాస్త్రాన్నీ వదులుకుని మీ చట్టం కిందికి వస్తానని సంతకం పెట్టినవాడు ఫ్రెంచివాడితో సమానం. అలా పెట్టినవాడు వాళ్ళలాగే ఒక కుటుంబనామం ఎంచుకోవాలి. అది పేరుకి వెనక రావాలి, తండ్రి నుంచి కొడుక్కి దిగాలి. ముత్తాత, తాడిచెట్టుని మీ భాషలో ఏమంటారని అడిగి, పాల్మియే అని రాయించుకున్నాడు. ముందుండే ఇంటిపేరు వెనక్కి పోయింది గాని చెట్టు పోలేదని ఆయన సంతోషపడ్డాడట. ఊళ్ళో వాళ్ళకి ఆ మాట నోరు తిరగలేదు. పాల్మియే వారు కాస్తా 'పాలమ్మే వారు' అయ్యారు. దానికి ముత్తాత విసుక్కునేవాడు, తాత నవ్వేవాడు, జయమ్మ తండ్రి మాత్రం ఆ మాట అన్నవాళ్ళ గడప తొక్కేవాడు కాదు. ఆయనకి ఆ పేరంటే ప్రాణం. యానాం ఇండియాలో కలిసిపోయినప్పుడు, ఇష్టమున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చంటే, మొదటి వరసలో వెళ్ళి సంతకం చేసి వచ్చాడు. మైనరు పిల్లలిద్దరూ, కొడుకూ కూతురూ, ఆయనతో పాటే ఫ్రెంచివాళ్ళుగా ఉండిపోయారు.

తరవాత జయమ్మ కాకినాడలో నర్సు చదువు చదివింది. భూషణం అనే బడిపంతులిని పెళ్ళాడి గుత్తుల వారి కోడలైంది. ఆయన పచ్చకామెర్లతో పోయేసరికి ఇంద్రజ ఇంకా పలకా బలపం వయసులో ఉంది. పిల్లని అత్తగారి దగ్గర దించి, సౌదీలోని బురైదాలో ఆసుపత్రి ఉద్యోగానికి ఒప్పుకుని విమానమెక్కింది. ఖర్జూరపు తోటల మధ్య ఆ ఊళ్ళో జీవితంలో సగం గడిచిపోయింది. రిటైరయ్యాక కూతురింట్లో, అల్లుడి ఇకామా, అంటే నివాస అనుమతి, మీద రియాద్‌లో ఉండిపోయింది.

బురైదా వెళ్ళిన కొత్తలో తోటల వారి ముసలావిడ ఒకామె వార్డులో చేరింది. పెద్దకొడుకు పేరు సాలెహ్, అందుచేత అందరూ ఉమ్ సాలెహ్, సాలెహ్ తల్లి, అనే పిలిచేవారు. ఒక రోజు ఆవిడ జయమ్మ బ్యాడ్జీ మీది పేరు ఎవరిచేతనో చదివించుకుని, "గుత్తుల అంటే మీ నాన్న వంశమా?" అని అడిగింది.

"కాదు, మా ఆయనది."

"మాలో ఆడపిల్ల చచ్చేదాకా తండ్రి బిడ్డే. మీ నాన్న ఏం పాపం చేశాడని ఆయన పేరు వదిలేశావు?"

జయమ్మ నవ్వి సెలైన్ సీసా సరిచేసింది. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర నిజంగానే జవాబు ఉంది. చెప్పలేదంతే.

శుక్రవారం మధ్యాహ్నం జెరోమ్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, నల్లగా, బలంగా ఉన్నాడు. మనోహర్ నేర్పిన "నమస్కారం అత్తా" అనే రెండు మాటలు జాగ్రత్తగా పలికి, బుగ్గకి బుగ్గ ఆనించబోయి, మళ్ళీ సందేహించి చేతులు జోడించాడు. జయమ్మ అతని మొహంలోకి చూసింది. వెడల్పాటి గడ్డం, దాని మధ్య చిన్న నొక్కు. ఆ గడ్డాన్ని ఆవిడ ఒకప్పుడు రోజూ చూసేది, చేపల తట్ట కింద, చుట్టకుదురు కింద, చెమటతో మెరుస్తూ.

"అమ్మమ్మా, ఈయన ముక్కు అచ్చం నీ ముక్కే," అంది మనవరాలు రిషిత. అందరూ నవ్వారు.

జెరోమ్ చేత్తోనే తిన్నాడు. పులుసు మోచేతిదాకా కారింది. భోజనమయ్యాక ట్యాబ్ తీసి టేబుల్ మీద పెట్టాడు. అతనికి వంశవృక్షం వెతకడమంటే పిచ్చి. పాత వలసల కాగితాలు దాచే చోటికి వెళ్ళి, ముత్తాత తండ్రి పెట్టిన సంతకం కూడా చూసి వచ్చాడట. తెర మీద పాల్మియే వాళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా ఉన్నారు. అమర్నాథ్ గడిలో నుంచి కిందికి అతనూ, అతని అన్నదమ్ములూ, వాళ్ళ పిల్లలూ. అమర్నాథ్ పక్క గడిలో 'జయమ్మ' అని ఉంది. దాని కింద ఖాళీ.

"ఈ ఖాళీ నిండుతుందని నేననుకోలేదు," అన్నాడతను ఇంగ్లీషులో. "నాన్నని యానాం గురించి అడిగితే టీవీ శబ్దం పెంచుతారు. తెలుగు ఒక్క ముక్క నేర్పలేదు. ఊరికి ఎందుకు వెళ్ళరు అంటే అక్కడ ఎవరూ మిగల్లేదంటారు. మీరున్నారని చెబితే ఆ రోజంతా అన్నం తినలేదట."

"పెద్దవాడైపోయాడు కదా," అంది జయమ్మ.

"మీరు ఒప్పుకుంటే ఒక చిన్న పని. డీఎన్ఏ కిట్ తెప్పిస్తాను. గొట్టంలో ఉమ్మితే చాలు. మీదీ నాదీ పక్కపక్కన పెడితే, మన ముందు తరాలవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుస్తుంది."

మనోహర్ మనసు ఇంకోచోట ఉంది. ఆ మాట అడగడానికే అతను ఉదయం నుంచీ ఆగుతున్నాడు. "మా అత్తయ్యగారు అప్పటికి మైనరు కదా. అంటే ఇప్పటికీ ఫ్రెంచి పౌరురాలేనా?"

జెరోమ్ తల గోక్కున్నాడు. "కాగితం మీద అలాగే కనిపిస్తుంది. చాలా కాలం గడిచిపోయింది కాబట్టి తేలిక కాదు. కానీ నాన్న సాక్ష్యమిస్తే, మా లాయరు ప్రయత్నిద్దామంటాడు. ఆవిడది తేలితే ఇంద్రజది, తరవాత రిషితది."

రిషిత మొహం వెలిగింది. ఇంద్రజ కూడా తల్లి వైపు ఆశగానే చూసింది. మెట్రో పని ముగింపుకొచ్చింది. కంపెనీ మనుషుల్ని తగ్గిస్తోంది. మనోహర్ పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు. అతని ఇకామా పోతే పిల్లదీ, అత్తగారిదీ దానితోనే పోతాయి. రిషిత చదువు పన్నెండో తరగతిలో పడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి రియాద్ తప్ప ఇంకో ఊరు సరిగ్గా తెలియదు.

"నాకు అవన్నీ వద్దు బాబూ," అంది జయమ్మ లేచి, కంచాలు తీస్తూ.

అందరూ పెద్దావిడ మొహమాటమనుకున్నారు. నిజానికి ఆవిడ భయపడింది. ఆ గొట్టంలో తను ఉమ్మితే, జెరోమ్‌కి తను ఏమీ కాదని తేలిపోతుంది.

ఎందుకంటే, జయమ్మ అన్నయ్య అమర్నాథ్ ఫ్రాన్సు వెళ్ళలేదు. పాండిచ్చేరిలో కాలేజీలో చదువుతూ, టైఫాయిడ్ వచ్చి, ఇరవయ్యో ఏటనే చనిపోయాడు. తండ్రి ఒక్కడే వెళ్ళాడు. అక్కడే దహనం చేసి, అక్కడే గోదావరి అనుకుని సముద్రంలో అస్థికలు కలిపి, ఇంటికొచ్చాడు. తల్లి అప్పటికే లేదు. నాన్న మొహం చూసి జయమ్మ ఏడవబోతే, నోటికి చెయ్యి అడ్డుపెట్టి, "బయటికి వినబడకూడదు," అన్నాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకి, అబ్బాయిని ఫ్రాన్సు పంపించేశానని చెప్పాడు. ఏ ఆఫీసులోనూ కొడుకు చావు చెప్పలేదు. మగపిల్లవాడు పోతే పాల్మియే అన్న పేరు తనతో ఆఖరు. ఆడపిల్ల ఎలాగూ పెళ్ళి చేసుకుని వేరే ఇంటిపేరుకి వెళ్ళిపోతుంది. ఆయన అదే లెక్కేసుకున్నాడు.

సంగాడి నూకరాజు అని అమర్నాథ్ స్నేహితుడొకడు ఉండేవాడు. రేవు దగ్గర చేపలమ్మే సత్తెమ్మ ఒక్కగానొక్క కొడుకు. ఇద్దరూ ఫ్రెంచి బడిలో ఒకే బెంచీ. చదువులో నూకరాజే ముందుండేవాడు. తల్లి తట్ట దించిన గుమ్మంలోనే అతను పుస్తకాలు దించేవాడు. జయమ్మకి అతను ఫ్రెంచీ, లెక్కలూ చెప్పేవాడు, ఆవిడ అతనికి తమ పెరట్లో పూసిన సంపెంగలు ఇచ్చేది. అంతే. చెయ్యి కూడా పట్టుకోలేదు. కాని ఇద్దరికీ తెలుసు. తమ గుట్టు ఇంకెవరికీ తెలియదని మాత్రం అనుకున్నారు.

తండ్రికి తెలుసు. ఒక సాయంత్రం నూకరాజుని సావిట్లోకి పిలిచి, జయమ్మని కూడా రమ్మన్నాడు. కొడుకు పుట్టుక కాగితాలు బల్లమీద పెట్టి, "ఇవి తీసుకుని పాండిచ్చేరి వెళ్ళు. అక్కణ్ణుంచి ఫ్రాన్సు వెళ్ళు. ఇవాళ్టి నుంచి నువ్వు అమర్నాథ్ పాల్మియేవి," అన్నాడు. తరవాత జయమ్మ వైపు చెయ్యి చూపించి, "ఇది నీ చెల్లెలు," అన్నాడు.

ఒక్క దెబ్బకి పేరు నిలబెట్టుకున్నాడు, కూతుర్ని చేపలవాళ్ళ ఇంటికి వెళ్ళకుండా ఆపుకున్నాడు. నూకరాజు చాలాసేపు నేలచూపులు చూశాడు. తరవాత చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నాడు. జయమ్మ ముఖం చూడలేదు.

పెట్టిన షరతు ఒక్కటే. తల్లికి కూడా చెప్పకూడదు, ఉత్తరం రాయకూడదు. కొడుకు కాకినాడ రేవులో ఓడ పనికి కుదిరి రంగూను వెళ్ళాడని సత్తెమ్మతో ఆయనే చెప్పాడు.

ఆ తరవాత మలాజ్ ఫ్లాటులో రోజులు బరువుగా గడిచాయి. మనోహర్ మొదట బతిమాలాడు, తరవాత విసుక్కున్నాడు.

"మీరు చెయ్యాల్సింది ఒక్క సంతకమండి. మీకేం పోతుంది? పిల్ల జీవితం బాగుపడుతుంది."

"నన్ను అడగొద్దు బాబూ."

"కారణం చెప్పండి పోనీ."

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. అతను ఆవిడతో మాట్లాడడం తగ్గించేశాడు. అన్నం పెట్టినప్పుడు "చాలండి" అనేవాడు, అంతే. రిషిత గదిలో తలుపేసుకునేది. ఇంద్రజ ఇద్దరి మధ్యా నలిగి, ఒక రోజు తల్లి గదిలోకొచ్చి నిలబడింది.

"మీ అన్నయ్య మీద కోపమా అమ్మా? ఇన్నాళ్ళూ పలకరించలేదనా?"

"నా పేరు నేను ఒకసారి వదిలేశానే. మళ్ళీ దాన్ని ఎత్తుకోను."

"అది కారణం కాదు," అంది ఇంద్రజ. ల్యాబ్‌లో పనిచేసే మనిషి, మాటని కూడా పరీక్ష చేసి గాని నమ్మదు.

ఇంతలో జెరోమ్ కిట్ తెచ్చి ఇచ్చాడు. జయమ్మ దాన్ని విప్పకుండా ఫ్రిజ్ మీద పెట్టింది. మరుసటి వారం అతను మళ్ళీ వచ్చి, "నాన్న మిమ్మల్ని చూడాలంటున్నారు," అన్నాడు. ఆవిడ ఏదో చెప్పి తప్పించుకునేలోపలే ఫోను మోగింది. సోఫాలో ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి చాచి ఫోను పట్టుకున్నాడు. మనోహర్ ఇంట్లో లేడు. ఇంద్రజ కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది.

తెర మీద ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన కనిపించాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాత్రం అదే. ఆయన చాలాసేపు చూసి, "అమ్మాయిగారూ," అన్నాడు.

ఇంద్రజ చేతిలో మడత ఆగింది. చెల్లెల్ని ఏ అన్నా అలా పిలవడు.

"బాగున్నావా?" అంది జయమ్మ. అన్నయ్యా అనలేదు. పేరు పెట్టీ పిలవలేదు.

"ఉన్నానండి. తెలుగు మాట్లాడి చాన్నాళ్ళైపోయిందండి. నోరు తిరగట్లేదు."

"నీ కొడుక్కి నేర్పలేదటగా."

"నేర్పితే అడుగుతాడు కదండీ."

జెరోమ్ అర్థం కాకపోయినా ఇద్దరి వైపూ చూసి మురిసిపోతున్నాడు. జయమ్మ గొంతు సవరించుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరికి చెప్పాలో తెలియక మోస్తున్న మాట అది.

"రేవు కాడ చేపలమ్మే సత్తెమ్మ గుర్తుందా?"

ఆయన టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.

"కొడుకు ఓడ మీద వెళ్ళాడని నాన్న చెప్పాడు ఆవిడకి. వారం వారం తట్ట మా గుమ్మంలో దించి కూర్చునేది. అమ్మాయిగోరూ, రంగూను ఓడ ఏదైనా వచ్చిందా అని అడిగేది. నేను లేదనేదాన్ని."

"ఎప్పుడు పోయిందండి?"

"నాకు పెళ్ళయ్యాక. కాకినాడ పెద్దాసుపత్రిలో. నేను పనిచేసే వార్డులోనే."

"దగ్గర ఎవరున్నారండి?"

"నేనున్నాను."

"ఏమైనా అందాండి?"

"కొడుకు ఓడ దిగి ఆకలి మీద వస్తాడు, ముందు అన్నం పెట్టండి, తరవాత చెప్పండి అంది."

ముసలాయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. జెరోమ్ కంగారుపడి, ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు. "పాత ఊరి మనిషి ఒకావిడ. పోయిందని చెప్పాను," అంది జయమ్మ.

కొంచెంసేపటికి టోపీ దిగింది. "అయ్యగారు రాయొద్దన్నారండి."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది? నీకు చేతుల్లేవా?" ఆవిడ గొంతు పెరగలేదు. కాని ఆ మాటకి ఇంద్రజ వెనక్కి తిరిగి చూసింది. తల్లి అలా మాట్లాడడం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"భయమేసిందండి. ఆ పేరు మీద పెళ్ళామొచ్చింది, పిల్లలొచ్చారు. ఒక్క దారం లాగితే అంతా ఊడిపోద్దనిపించింది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "వాడికి చెప్పేస్తానండి."

"నీ ఇష్టం. నేనైతే చెప్పను. చెప్పేటట్టయితే మీ అమ్మ పేరుతో మొదలుపెట్టు."

మర్నాడు సాయంత్రం మలాజ్ పార్కులో, ఫౌంటెన్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, జయమ్మ కూతురికి అంతా చెప్పింది. చుట్టూ పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఇంద్రజ మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చివర్న మాత్రం, "తాతయ్య అంత పని చేశాడంటే నమ్మలేకపోతున్నాను," అంది.

"మీ తాతయ్య ఇచ్చాడే. ఆయన తత్వం నాకు తెలుసు, ఆయన ఇవ్వడం నాకు ఆశ్చర్యం కాదు. అతను పుచ్చుకున్నాడు. పుచ్చుకునేముందు ఒక్కసారి నా వైపు చూస్తాడని నిలబడ్డాను."

"నాన్నకి తెలుసా ఇదంతా?"

"అన్నయ్య పోయాడని తెలుసు. మిగతాది అడగలేదు. అడగని మనిషి దొరకడం నా అదృష్టం."

అంత తెలిశాక దరఖాస్తు మాట ఇంద్రజే మానేసింది. పాల్మియే వారి కాగితాలు ఒకసారి ఆఫీసుల్లో తిరగడం మొదలైతే, పాండిచ్చేరి ఆసుపత్రిలో పోయిన కుర్రవాడి సంగతి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అప్పుడు ప్యారిస్‌లో ఒక ముసలాయనా, ఆయన పిల్లలూ, మనవలూ ఎవరూ కానివాళ్ళయిపోతారు. తల్లిని అడిగి, మనోహర్‌కి కూడా చెప్పింది. చెప్పకుండా ఆ ఇంట్లో ఇంక ఊపిరి ఆడేట్టు లేదు.

జయమ్మ తన గదిలో నుంచి అల్లుడి గొంతు వింది.

"అంటే ఎవడో మీ పేరు పెట్టుకుని మూడు తరాలు బతికేశాడు. సొంత కూతురికీ, మనవరాలికీ ఏమీ లేదు. వాడి కొడుకు నా పక్క గదిలో కూర్చుని దర్జాగా కాఫీ తాగుతాడు. ఫ్రెంచి ఎంబసీకి ఒక్క మెయిల్ పెడితే చాలు ఇంద్రజా, ఒక్కటి."

"పెడతావా?"

కుర్చీ జరిపిన చప్పుడైంది. మనోహర్ మెయిల్ పెట్టలేదు. కాని తను అన్న ఆ మాట జయమ్మ విన్నదని అతనికి తెలుసు. ఆ తరవాత ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా మసలడం నేర్చుకున్నారు.

కొన్నాళ్ళు జెరోమ్ రాలేదు. ఆఫీసులో కూడా ఎవరితోనూ మాట్లాడడం లేదని మనోహర్ చెప్పాడు. ఒక శుక్రవారం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. సోఫాలో కూర్చోలేదు. వంటింట్లో జయమ్మ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు.

"నాన్న చెప్పారు," అన్నాడు. "మొదట మా నానమ్మ పేరు చెప్పారు. నేను ఎవరి గురించి మాట్లాడుతున్నారో అర్థం కాక, ఆవిడ ఎవరు అని అడిగాను."

జయమ్మ స్టవ్ కట్టేసింది.

"ఆ తరవాత నేను నాన్నతో మాట్లాడలేదు. మా అన్నదమ్ములకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియదు. మా పిల్లల స్కూల్లో, ఇంటి తలుపు మీద, అన్నిచోట్లా ఆ పేరే. ఆ చెట్టు కోసం పదేళ్ళు తిరిగాను. అందులో ఉన్న వాళ్ళెవరూ నాకు ఏమీ కారు."

"పేరు నీదే బాబూ. పుట్టినప్పటి నుంచీ మోశావు. దాన్ని నీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోరు. మేమైతే తీసుకోం."

"అది కాదు. మా అసలు పేరు ఏమిటి? నాన్న అది మాత్రం చెప్పలేకపోయారు."

జయమ్మకి ఆ పేరు తెలుసు. పద్దెనిమిదేళ్ళప్పుడు, పెరట్లో సంపెంగ చెట్టు కింద, ఎవరూ వినకుండా ఆ ఇంటిపేరుని తన పేరుకి ముందు పెట్టుకుని ఒకసారి పలికి చూసుకుంది. ఇప్పుడు పైకి అనాలంటే మొహం వేడెక్కింది.

"సంగాడి," అంది. "సంగాడి నూకరాజు. వాళ్ళమ్మ సంగాడి సత్తెమ్మ. మా వైపు ఇంటిపేరు ముందు వస్తుంది."

అతను రెండు మూడుసార్లు పలికాడు. 'డ' సరిగ్గా రాలేదు. జయమ్మ దిద్దింది. మళ్ళీ పలికాడు. తరవాత, "నేను మిమ్మల్ని ఏమని పిలవాలి? మీరు నాకు ఏమవుతారు?" అని అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. అత్త అంటే అబద్ధం. వేరే వరస ఏదీ లేదు. ఉండాల్సినది ఒకటుంది గాని, అది జరగలేదు.

"ఏమీ కాను," అంది. "కాని భోంచేసి వెళ్ళు."

అతను తిన్నాడు. మనోహర్ గదిలో నుంచి బయటికొచ్చి, కాసేపు అటూ ఇటూ చూసి, ఎదురు కుర్చీలో కూర్చుని, గిన్నె అతని వైపు జరిపాడు. వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మీది కిట్ జయమ్మ తిరిగి ఇచ్చేసింది.

వేసవి మొదలయ్యేసరికి మనోహర్‌కి నోటీసు వచ్చింది. దమ్మాం ఊళ్ళో ఒక ఉద్యోగానికి మాట నడుస్తోంది. అది కుదరకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదలక తప్పదు. ఇంద్రజ క్లినిక్‌లో ఉద్యోగం వదులుకోవాలా, పిల్లతో ఒక్కతే ఉండిపోవాలా అని తేలక నలుగుతోంది. రిషితకి నిజం ఎంతవరకు చెప్పారో జయమ్మకి తెలియదు. ఆ పిల్ల అమ్మమ్మని మళ్ళీ ఫ్రాన్సు మాట అడగలేదు, దగ్గరికొచ్చి పడుకోవడమూ మానేసింది. ఆ దేశంలో సగం జీవితం గడిపిన జయమ్మ, తనని ఎప్పుడు సర్దుకోమంటారో అని అల్మరా తీయడం, మూయడం చేస్తోంది. తను ఒక్క సంతకం చేసి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన వస్తే, దాన్ని పూర్తిగా కాదనలేకపోతోంది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం జెరోమ్ ఫోను చేశాడు. వెనక గాలి హోరు. సెలవు పెట్టి యానాం వచ్చానన్నాడు. సత్తెమ్మ ఇల్లు ఎక్కడుండేదని అడిగాడు.

"రేవుకి దిగే చోట ఎడమ పక్కన. తాటాకు పాక."

"ఇక్కడ సిమెంటు గట్టు కట్టేశారు. బెంచీలున్నాయి. నలుగురిని అడిగాను. సత్తెమ్మ అంటే ఎవరికీ తెలియదు. సంగాడి వారు చాలామంది ఉన్నారట, ఏ సంగాడి వారు అని నన్నే అడుగుతున్నారు."

"ఓడకెళ్ళిన నూకరాజు అని చెప్పు. ముసలివాళ్ళెవరైనా ఉంటే గుర్తుపడతారు."

"గుర్తుపడితే? నేనెవరినని చెప్పాలి?"

అవతల ఎవరో పడవ మోటారు వేశారు. అది దూరమయ్యేదాకా జయమ్మ ఆ చప్పుడే వింది.

"నాన్నకి ఫోను చేశావా?" అని అడిగింది చివరికి.

"ఇంకా లేదు."

"చెయ్యి. అక్కడే నిలబడి చెయ్యి. నీళ్ళు చూపించు."

అతను సరేనన్నాడో లేదో గాలి హోరులో వినబడలేదు. ఫోను కట్టయిపోయింది. జయమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. హాల్లో మనోహర్ ఎవరితోనో దమ్మాం ఉద్యోగం గురించి ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, మధ్యమధ్య "యెస్ సర్" అంటూ.